అయస్కాంత ఇంటర్‌మెటాలిక్ ఏకస్ఫటికాలు: పెంపకం, పరీక్ష – తరచుగా అడిగే ప్రశ్నలు

కొలిమి ఉష్ణోగ్రతలన్నీ ఇక్కడ సెంటీగ్రేడ్ డిగ్రీల్లో, కొలతల ఉష్ణోగ్రతలన్నీ కెల్విన్‌లో ఇచ్చాం. మిశ్రమాల నిష్పత్తులు పరమాణువుల లెక్కన చెప్పినవి, బరువు లెక్కన కాదు. ఎక్కువ జవాబులు ఫ్లక్స్ పద్ధతి గురించే: మూలకాలను కరిగిన లోహంలో (అదే ఫ్లక్స్) కలిపి, నెమ్మదిగా చల్లార్చి స్ఫటికాలు పెంచడం. ఇంటర్‌మెటాలిక్ (లోహాలు నిర్దిష్ట నిష్పత్తిలో కలిసిన సమ్మేళనాల) పనిలో మొదట చేతికందేది, చాలాసార్లు చివరిదాకా సరిపోయేది అదే.

ఆర్క్ కొలిమిలో కరిగించిన ముద్ద ఉండగా ఏకస్ఫటికం దేనికి?

ముద్దలో వేల రేణువులు తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. అయస్కాంత స్వభావమేమో దిక్కును బట్టి మారుతుంది. ఒక అక్షం వెంట ఒక టెస్లాకే సంతృప్తమయ్యే పదార్థం, దానికి అడ్డంగా ఏడు టెస్లాలకూ లొంగకపోవచ్చు. ముద్దను కొలిస్తే ఆ రెండూ కలిసిపోయి, ఏ దిక్కుకూ చెందని ఒక మధ్యరకం రేఖ వస్తుంది. క్షేత్రం పెంచేటప్పుడు కనిపించాల్సిన మెటామాగ్నెటిక్ మెట్లు (ఒక హద్దు దాటగానే అయస్కాంతీకరణ గెంతే చోట్లు) అరిగిపోతాయి. నిరోధకతలో రేణువుల సరిహద్దుల వాటా చేరుతుంది. సమ్మేళనం అసలు ఏర్పడుతుందో లేదో చూడటానికి మాత్రం ముద్దే మేలు. ఒక్క పూటలో తేలిపోతుంది.

ఏ పద్ధతి ఎంచుకోవాలో ఎలా తెలుస్తుంది?

రెండు ప్రశ్నలు వేసుకోండి. సమ్మేళనం తన కూర్పు మారకుండా కరుగుతుందా? అందులో తేలిగ్గా ఆవిరయ్యే మూలకం ఉందా?

కూర్పు మారకుండా కరిగి, ఆవిరి పెద్దగా లేకపోతే చొక్రాల్‌స్కీ పద్ధతి (నాలుగు ఆర్క్‌ల కొలిమి), ఫ్లోటింగ్ జోన్, బ్రిడ్జ్‌మన్ మూడూ (కరిగించిన ద్రవాన్నే నేరుగా స్ఫటికంగా గడ్డకట్టించేవి) పనికొస్తాయి. సెంటీమీటర్ల పొడవు స్ఫటికం కావాలంటే వీటికే వెళ్లాలి. కరిగేటప్పుడు విడిపోయే సమ్మేళనాన్ని, అంటే పెరిటెక్టిక్‌గా పుట్టేదాన్ని, ద్రవం నుంచి నేరుగా లాగలేం. దానికి ఫ్లక్స్ కావాలి. టెల్యురైడ్లు, కొన్ని తగరం సమ్మేళనాలు అయోడిన్‌తో ఆవిరి రవాణా పద్ధతిలో చక్కగా వస్తాయి. ఇనుము–తగరం 3:2 అలాంటిదే. అది ఉష్ణోగ్రతల్లో ఒక ఇరుకు కిటికీలోనే స్థిరంగా ఉంటుంది కాబట్టి ఆ కిటికీలోనే పెంచి, చప్పున చల్లార్చాలి.

ఫ్లక్స్‌గా ఏ లోహం వాడాలి?

తక్కువ ఉష్ణోగ్రతకు కరగాలి, మనకు కావలసిన మూలకాలన్నిటినీ కరిగించుకోవాలి, వాటితో అంతకంటే స్థిరమైన మరో సమ్మేళనం కట్టకూడదు. ఈ మూడో షరతు దగ్గరే ఎక్కువ ప్రయత్నాలు బోల్తా పడతాయి.

తగరం (232 డిగ్రీలకు కరుగుతుంది) అన్నిటికంటే మంచి మొదటి ఎంపిక: చవక, ఆవిరి తక్కువ, ఆమ్లంతో పోతుంది. ఇండియం (157) రేర్ ఎర్త్‌లకు (సీరియం, గాడోలినియం లాంటి లోహాలకు) బాగుంటుంది. సీరియం–కోబాల్ట్–ఇండియం 1:1:5 స్ఫటికాలు 1:1:20 మిశ్రమం నుంచి వస్తాయి. ఫ్లక్స్‌లోని లోహమే సమ్మేళనంలోనూ ఉంటే దాన్ని స్వీయ ఫ్లక్స్ అంటారు. వీలైనప్పుడల్లా దాన్నే ఎంచుకోండి, పరాయి మూలకం స్ఫటికంలో దూరే బెడద ఉండదు. అల్యూమినియం (660) సిలికాన్, జర్మేనియం సమ్మేళనాలకు వాడతారు గాని, తనే వాటి స్థానంలో కూర్చునే గుణం ఉంది. బిస్మత్ (271), గాలియం (30) గడ్డకట్టేటప్పుడు సుమారు 3 శాతం వ్యాకోచిస్తాయి. ద్రవాన్ని పారబోయకుండా చల్లార్చితే క్రూసిబుల్ పగులుతుంది. యాంటిమొనీ (631) వెండి–యాంటిమొనీ–రేర్ ఎర్త్ కుటుంబానికి సరైనది, కానీ ద్రవం వార్చడానికి వ్యవధి చాలా తక్కువ. జింక్ 907 డిగ్రీలకు, కాడ్మియం 767 డిగ్రీలకు మరుగుతాయి. వాటితో గరిష్ఠ ఉష్ణోగ్రతను ఆవిరి పీడనమే నిర్ణయిస్తుంది.

ఫ్లక్స్ ఒకే మూలకం కానక్కర్లేదు. హోల్మియం–నికెల్–బోరాన్–కార్బన్ 1:2:2:1 లాంటి బోరోకార్బైడ్లు నికెల్–బోరాన్ 2:1 సమ్మేళనాన్నే ఫ్లక్స్‌గా వాడి పెంచినవి.

ఫేజ్ డయాగ్రమ్ చూసి ఉష్ణోగ్రతలు నిర్ణయించడం ఎలా?

ఫేజ్ డయాగ్రమ్ అంటే ఏ కూర్పు, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ ఘనం, ఏ ద్రవం స్థిరంగా ఉంటాయో చూపే పటం. ఈ పనికంతటికీ ఆయువుపట్టు ఇదే కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఇనుము–తగరం 1:1 సమ్మేళనం షడ్భుజి నిర్మాణం గల యాంటీఫెర్రో అయస్కాంతం (పరమాణు భ్రామకాలు ఎదురెదురు దిక్కుల్లో అమరి ఒకదాన్నొకటి రద్దు చేసుకునేది). 365–370 కెల్విన్ ప్రాంతంలో క్రమం ఏర్పడుతుంది. ఆర్సెనిక్ లాంటి విషాలు లేవు, గ్లవ్ బాక్స్ అవసరం లేదు. కొత్తవాళ్లు చేయి తిప్పుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు.

ఆ రెండు లోహాల ఫేజ్ డయాగ్రమ్‌లో తగరం వైపు నుంచి రండి. 1:1 సమ్మేళనం 770 డిగ్రీల కింద పుడుతుంది. 513 డిగ్రీల దగ్గర మరో పెరిటెక్టిక్ ఉంది. దాని కింద ద్రవంతో సమతుల్యంలో ఉండేది 1:2 సమ్మేళనం. అంటే మన కిటికీ 770 నుంచి 513 వరకు. ఆ కిటికీలోనే స్ఫటికాలు పెరగాలి, అందులో ఉండగానే మిగతా ద్రవాన్ని వేరు చేయాలి. 450 డిగ్రీలకు వార్చితే స్ఫటికాల మీద 1:2 తొడుగు పడుతుంది. అదీ యాంటీఫెర్రో అయస్కాంతమే, దాని క్రమ ఉష్ణోగ్రత కూడా ఈ చుట్టుపక్కలే. కొలతలో దొంగ ఎవరో తెలియక తల పట్టుకోవాలి.

కూర్పు ఇనుము 2, తగరం 98. పది గ్రాముల మిశ్రమానికి తూకం: 2 × 55.845 = 111.69; 98 × 118.71 = 11633.58, మొత్తం 11745.27. కాబట్టి ఇనుము 0.0951 గ్రాములు, తగరం 9.9049 గ్రాములు. ఉన్న ఇనుమంతా స్ఫటికంగా మారినా 0.3 గ్రాములకు మించదు. కొంత ఇనుము ద్రవంలోనే ఉండిపోతుంది కాబట్టి నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. బరువు లెక్కన 2:98 తూచారనుకోండి, పరమాణు లెక్కలో ఇనుము 4 శాతం దాటుతుంది. అప్పుడు మొదట పుట్టేది ఇనుము ఎక్కువున్న మరో ప్రావస్థ కావచ్చు.

1100 డిగ్రీలకు వేడి చేసి, పన్నెండు గంటలు ఉంచి, 800 వరకు గంటకు 5–6 డిగ్రీల చొప్పున, అక్కణ్నుంచి 600 వరకు గంటకు ఒక డిగ్రీ చొప్పున తగ్గించండి. చివరి భాగానికే 200 గంటలు, అంటే ఎనిమిది రోజులకు పైగా పడుతుంది. 600 దగ్గర వార్చండి.

మూడు మూలకాల సమ్మేళనాలకు పూర్తి డయాగ్రమ్ సాధారణంగా దొరకదు. రెండేసి మూలకాల మూడు డయాగ్రమ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ జంట ఏ ఉష్ణోగ్రతలో ఏం కడుతుందో చూసుకుని ఊహించాలి. మొదటి ప్రయత్నంలో వచ్చింది తప్పు సమ్మేళనమైనా పారేయకండి. అది ఏమిటో గుర్తిస్తే ఆ డయాగ్రమ్‌లో మీకు ఒక బిందువు తెలిసినట్టే.

ముడి లోహాల స్వచ్ఛత ఎంత ఉండాలి?

తగరం, ఇండియం, బిస్మత్ లాంటివి 99.99 లేదా 99.999 శాతం తేలిగ్గా దొరుకుతాయి. చిక్కంతా రేర్ ఎర్త్‌లతో. సీసా మీద 99.9 శాతం అని ఉంటే అది తరచుగా మిగతా రేర్ ఎర్త్‌లను మాత్రమే లెక్కలోకి తీసుకున్న అంకె. ఆక్సిజన్, నైట్రోజన్, కార్బన్ అందులో ఉండవు. పరమాణువుల లెక్కన ఆక్సిజనే ఒకటి రెండు శాతం ఉన్నా ఆ లేబుల్ అబద్ధం కాదు! అందుకే వాయు మలినాల విశ్లేషణ అడిగి తీసుకోవాలి. అమెరికాలోని ఏమ్స్ లేబొరేటరీ రేర్ ఎర్త్ లోహాలకు పేరు రావడానికి కారణం కూడా ఈ స్వచ్ఛతే.

సీరియం, లాంథనం, యూరోపియం ముక్కల పై పొరను ఆర్గాన్ గ్లవ్ బాక్స్‌లో ఆకురాయితో గీకి, మెరిసే లోహం కనపడ్డాకే తూచండి. మాంగనీసు ముక్కల గోధుమ పూతను సజల నైట్రిక్ ఆమ్లంలో క్షణంపాటు ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. పొడి లోహాలు వద్దు, ముక్కలే కొనండి. పొడికి ఉపరితలం ఎక్కువ, ఆక్సైడ్ కూడా అంతే.

క్రూసిబుల్ ఏది?

ఎక్కువ పనులకు అల్యూమినా చాలు. రేర్ ఎర్త్ వాటా బాగా ఎక్కువగా ఉంటే ద్రవం అల్యూమినాను తినేసి, స్ఫటికంలోకి అల్యూమినియం చేరుతుంది. అప్పుడు టాంటలం గొట్టాన్ని ఆర్గాన్‌లో ఆర్క్‌తో వెల్డ్ చేసి, దాన్ని మళ్లీ క్వార్ట్జ్‌లో సీల్ చేయాలి, లేకపోతే వేడికి టాంటలం ఆక్సీకరణమవుతుంది. మెగ్నీషియం, కాల్షియం, యిటర్బియం ఆవిర్లు క్వార్ట్జ్‌ను కొరుకుతాయి కాబట్టి వాటికీ టాంటలమే. నికెల్, కోబాల్ట్ ఎక్కువున్న ద్రవాలకు టాంటలం పనికిరాదు, కరిగిపోతుంది. కరిగిన అల్యూమినియాన్ని మాత్రం క్వార్ట్జ్‌కు ఎప్పుడూ తాకనివ్వకూడదు.

కింద ఒక క్రూసిబుల్, పైన బోర్లించిన మరొకటి, మధ్యలో రంధ్రాల అల్యూమినా బిళ్ల: ఈ జతను కాన్‌ఫీల్డ్ క్రూసిబుల్ సెట్ అంటారు. క్వార్ట్జ్ వూల్‌కు బదులు ఇది వాడితే వేరైన ఫ్లక్స్‌లో పోగులు ఉండవు, మళ్లీ వాడుకోవచ్చు. బిళ్లలో రంధ్రం ఒక మిల్లీమీటరు ఉంటే అంతకంటే చిన్న స్ఫటికాలు ఫ్లక్స్‌తో పాటు జారిపోతాయన్నది గుర్తుంచుకోండి.

క్వార్ట్జ్ గొట్టం సీల్ చేసేటప్పుడు చూసుకోవలసినవి?

గోడ మందం ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు. అడుగున, క్రూసిబుల్ పైన క్వార్ట్జ్ వూల్ కొద్దిగా కుక్కండి. అడుగున పెట్టింది చల్లారేటప్పుడు అల్యూమినాకూ క్వార్ట్జ్‌కూ మధ్య మెత్తగా ఉంటుంది. పంప్ చేసి ఆర్గాన్ నింపి మళ్లీ పంప్ చేయడం మూడుసార్లు. చివరికి 0.2 వాతావరణ పీడనం మేర ఆర్గాన్ ఉంచి, ఆక్సీ–హైడ్రోజన్ మంటతో మెడ కలపండి.

ఆ 0.2 ఎందుకంటే, గది ఉష్ణోగ్రత 293 కెల్విన్ నుంచి 1150 డిగ్రీలకు, అంటే 1423 కెల్విన్‌కు వెళ్తే పీడనం 4.86 రెట్లు అవుతుంది. లోపల సుమారు ఒక వాతావరణ పీడనం వచ్చి బయటి గాలితో సరితూగుతుంది. పూర్తి శూన్యంలో సీల్ చేస్తే మెత్తబడిన గొట్టం లోపలికి నొక్కుకుపోతుంది. ఎక్కువ నింపితే ఉబ్బుతుంది. 1200 డిగ్రీలు దాటితే క్వార్ట్జ్‌ను నమ్మవద్దు.

వేళ్ల ముద్రలు పడిన చోట వేడికి క్వార్ట్జ్ తెల్లబడి పెళుసవుతుంది. సీల్ చేశాక ఆల్కహాల్‌తో తుడిచి, ఆపై గ్లవ్స్‌తోనే పట్టుకోండి. ఫాస్ఫరస్, ఆర్సెనిక్, గంధకం ఉన్న గొట్టం పేలుతుంది అన్న భయం న్యాయమైనదే. గంధకం 445 డిగ్రీలకు మరుగుతుంది, ఆర్సెనిక్ 614 దగ్గర ఉత్పతనమవుతుంది. ఫ్లక్స్‌తో చర్య జరిగి ఇమిడిపోయేలోపే పైకి దూసుకెళ్తే పీడనం గొట్టాన్ని చీలుస్తుంది. ఆ ఉష్ణోగ్రతకు కాస్త కింద పది పన్నెండు గంటలు ఆపి, అక్కణ్నుంచి గంటకు 20–30 డిగ్రీలకు మించకుండా పైకి తీసుకెళ్లండి. కొలిమి ఫ్యూమ్ హుడ్‌లో ఉండాలి, ముఖానికి షీల్డ్ ఉండాలి. ఇందులో మినహాయింపులు లేవు.

ద్రవాన్ని వార్చడం ఎలా? ఎక్కడ తప్పుతుంది?

సెంట్రిఫ్యూజ్ కప్పుల్లో ఒకదాంట్లో ఇసుక లేదా క్వార్ట్జ్ వూల్ పరిచి, ఎదుటి కప్పులో గొట్టంతో సమానమైన బరువు ముందే పెట్టుకోండి. మూత తెరిచి ఉంచండి. కొలిమి తలుపు తీసి, పొడవాటి పటకారుతో గొట్టాన్ని పట్టుకుని, ఒకే ఊపులో తలకిందులు చేసి కప్పులో దించి, మూత వేసి తిప్పండి. ద్రవం జాలి గుండా కిందికి పోతుంది, స్ఫటికాలు పైన నిలుస్తాయి. నిండు వేగం అందుకున్నాక పది సెకన్లు చాలు. ఖాళీ గొట్టంతో నాలుగైదుసార్లు సాధన చేశాకే అసలుదానికి చేయి పెట్టండి.

ఎంత తొందరపడాలన్నది ఫ్లక్స్‌ను బట్టి ఉంటుంది. తగరాన్ని 600 దగ్గర వార్చుతుంటే గడ్డకట్టడానికి ఇంకా 370 డిగ్రీల దూరం ఉంది. నింపాదిగా చేసినా పని జరుగుతుంది. యాంటిమొనీని 670 దగ్గర వార్చేటప్పుడు చేతిలో ఉన్నది 40 డిగ్రీలే. తలుపు తీసిన క్షణం నుంచి అయిదారు సెకన్లు దాటితే జాలి మీదే గడ్డకడుతుంది. మాంగనీసు–బిస్మత్ 1:1 దీ ఇదే ఇరకాటం: సమ్మేళనం 355 డిగ్రీల కింద పుడుతుంది, మిగతా ద్రవం 262 దగ్గర గడ్డకడుతుంది. 270 ప్రాంతంలో వార్చుతారు గనక అక్కడ కొలిమి థర్మోకపుల్ పది డిగ్రీలు తప్పు చూపినా కథ ముగిసినట్టే. అందుకే థర్మోకపుల్ చూపే అంకెకూ, గొట్టం ఉన్న చోటి అసలు ఉష్ణోగ్రతకూ తేడా ఎంతో ముందే మరో థర్మోకపుల్ పెట్టి కొలుచుకోండి.

వార్చాక క్రూసిబుల్ ఖాళీగా కనిపిస్తే నిరాశపడే ముందు కిందికి పోయిన ఫ్లక్స్ బరువు చూడండి. అది మొత్తానికి సమానమైతే, మీరు వార్చిన ఉష్ణోగ్రతకు ఇంకా అంతా ద్రవంగానే ఉంది. ఆ ముద్దనే మళ్లీ సీల్ చేసి 100 డిగ్రీలు తక్కువకు తీసుకెళ్లండి. కొత్తగా ఏమీ తూచక్కర్లేదు.

స్ఫటికాలు వందల్లో, చిన్న చిన్నవిగా వస్తున్నాయి. పెద్దవి కావాలంటే?

బీజాలు ఎక్కువ పుట్టాయి. ఉన్న పదార్థాన్ని అన్నీ పంచుకున్నాయి. మొదట అనుమానించాల్సింది ఆక్సైడ్ తెట్టును. క్రూసిబుల్ గోడ మీద తేలే ఆ బూడిదరంగు పొట్టు ప్రతి రేణువూ ఒక బీజానికి చోటిస్తుంది. దీనికి మంచి ఉపాయం: 1100 దగ్గర అంతా కరిగాక ఒకసారి వార్చేయండి. తెట్టు జాలి పైన ఆగిపోతుంది, శుభ్రమైన ద్రవం కింది క్రూసిబుల్‌లోకి వస్తుంది. దాన్ని మళ్లీ సీల్ చేసి పెంచితే సంఖ్య తగ్గి పరిమాణం పెరుగుతుంది.

తర్వాత చూడవలసింది చల్లార్చే వేగం, అదీ మొదటి బీజం పుట్టే ఉష్ణోగ్రత చుట్టూ. ఆ ఉష్ణోగ్రత తెలిస్తే దానికి 20 డిగ్రీల పైనుంచే గంటకు ఒక డిగ్రీకి దించండి. అంతకు పైన నెమ్మదిగా పోవడం కరెంటు దండగ. గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర తగినంత సేపు ఉంచకపోతే కరగని ముక్కలే బీజాలవుతాయి. క్రూసిబుల్ వ్యాసం కూడా చిన్న విషయం కాదు. పలకలుగా పెరిగేవి గోడను తాకగానే ఆగిపోతాయి.

స్ఫటికం మీద ఫ్లక్స్ బొట్లు మిగిలాయి. ఎలా తీయాలి?

తగరానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అల్యూమినియానికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం (హైడ్రోజన్ వస్తుంది, మంట దగ్గర వద్దు), సీసానికి ఎసిటిక్ ఆమ్లం–హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం. గాలియాన్ని గోరువెచ్చని నీటిలోనే చాలావరకు తుడిచేయవచ్చు. ఏదైనా సరే, ముందు ఒక పనికిరాని ముక్క మీద ప్రయత్నించండి. రేర్ ఎర్త్ ఎక్కువున్న సమ్మేళనాలను ఆమ్లం ఫ్లక్స్‌కంటే ముందే తినేస్తుంది. ఆర్సెనైడ్లను, ఫాస్ఫైడ్లను ఆమ్లంలో వేస్తే ఆర్సిన్, ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువులు వెలువడవచ్చు. వాటికి ఆమ్లం మాటే ఎత్తవద్దు.

ఆమ్లం కంటే మేలైన దారి మరొకటి ఉంది. జాలి మీద పెట్టి మళ్లీ సీల్ చేసి, ఫ్లక్స్ కరిగే ఉష్ణోగ్రతకు ఓ వంద డిగ్రీలు పైన ఉంచి, ఇంకోసారి తిప్పడం. బొట్లు చాలావరకు రాలిపోతాయి. స్ఫటికం లోపల ఇరుక్కున్న ఫ్లక్స్‌ను మాత్రం ఎవరూ తీయలేరు. విరిచి చూసి, శుభ్రంగా ఉన్న ముక్కనే కొలతకు తీసుకోండి.

ఎక్స్-రేతో ఏం చూడాలి?

ఒకటి రెండు చిన్న స్ఫటికాలను నూరి పొడి చిత్రం తీయండి. రాగి కె-ఆల్ఫా కిరణాలతో (1.5406 ఆంగ్‌స్ట్రామ్) ఇనుము, కోబాల్ట్, మాంగనీసు ఫ్లోరెసెన్స్ ఇచ్చి నేపథ్యం లేస్తుంది. అది నమూనా దోషం కాదు. 30.6, 32.0 డిగ్రీల దగ్గర రెండు శిఖరాలుంటే మిగిలిన తగరం. అయితే తగరం మెత్తన. నూరితే పొడి అవదు, రోలుకు అంటుకుంటుంది. కాబట్టి చిత్రంలో కనిపించనంత మాత్రాన లేదని కాదు.

మూలకాల నిష్పత్తికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోని ఈడీఎస్ (వెలువడే ఎక్స్-రేల శక్తిని బట్టి మూలకాలను గుర్తించేది) ఒక అంచనాకు బాగుంటుంది. ప్రామాణిక నమూనాలు లేకుండా తీసిన అంకెను ఒకటి రెండు శాతానికి మించి నమ్మవద్దు. "కోబాల్ట్ 0.97" అని తేల్చాలంటే తరంగదైర్ఘ్యాన్ని విడదీసే ప్రోబ్ కావాలి, లేదా ఏకస్ఫటిక ఎక్స్-రే శుద్ధీకరణ. దానికి 0.05–0.1 మిల్లీమీటర్ల ముక్క చాలు.

దిక్కుల కోసం లావే చిత్రం (స్ఫటికం మీద పడిన ఎక్స్-రేలు చుక్కలుగా చెదిరే నమూనా). ఇనుము–తగరం పలకను నిలువుగా చూస్తే ఆరు మడతల సౌష్ఠవం కనపడాలి. నాలుగు మడతలు కనపడితే చేతిలో ఉన్నది చతుర్భుజి నిర్మాణం గల 1:2 సమ్మేళనం. చుక్కలు రెండుగా చీలితే రెండు స్ఫటికాలు అతుక్కుని పెరిగాయి. కోతకు తీగ రంపం లేదా స్పార్క్ కటింగ్ వాడండి. పలకలుగా ఊడే మెత్తని స్ఫటికాలను బ్లేడుతో కోస్తే వంగి, పొరలు విడి, నిరోధకత కొలత పాడవుతుంది.

అయస్కాంత కొలతకు ఎంత నమూనా, ఎలా అమర్చాలి?

అయిదు నుంచి పది మిల్లీగ్రాములు సౌకర్యం. అంతకంటే ముందు త్రాసు సంగతి. 4 మిల్లీగ్రాముల స్ఫటికాన్ని 0.1 మిల్లీగ్రాము చూపే త్రాసులో తూస్తే బరువులోనే 2.5 శాతం దోషం ఉంది. ఆ తర్వాత మూడు దశాంశాల దాకా అయస్కాంత భ్రామకం రాయడం అర్థం లేని పని.

క్వార్ట్జ్ కడ్డీ మీద జీఈ వార్నిష్‌తో (తక్కువ ఉష్ణోగ్రతల్లోనూ పట్టు వదలని జిగురు) అతికించండి. అనిసోట్రోపీ (దిక్కును బట్టి మారే స్వభావం) బలంగా ఉన్న స్ఫటికం క్షేత్రంలో మెలి తిరుగుతుంది. గ్రీజుతో పెడితే ఏడు టెస్లాల దగ్గర తిరిగిపోయి, మీకు తెలియకుండానే సులభ అక్షాన్ని (అయస్కాంతీకరణ తేలిగ్గా తిరిగే దిక్కును) కొలుస్తారు. కఠిన అక్షం రేఖలో హఠాత్తుగా ఒక గెంతు కనపడి, క్షేత్రం తగ్గించినప్పుడు మళ్లీ కిందికి రాకపోతే, కొత్త ప్రావస్థ అని సంబరపడే ముందు కడ్డీ బయటికి తీసి చూడండి.

సరిచూసుకునే లెక్క ఒకటి: పరమాణు భ్రామకాన్ని కొలిచే ఒక బోర్ మాగ్నెటాన్ అంటే మోలుకు 5585 ఈఎమ్‌యూ (పరికరం చూపే భ్రామకపు యూనిట్). ఫార్ములా భారం 400 ఉన్న గాడోలినియం సమ్మేళనం 4 మిల్లీగ్రాములంటే 10 మైక్రోమోళ్లు. గాడోలినియం సంతృప్త భ్రామకం 7 కాబట్టి 0.39 ఈఎమ్‌యూ రావాలి. 0.30 వచ్చిందంటే బరువు తప్పు, లేదా స్ఫటికంలో నాలుగో వంతు ఫ్లక్స్, లేదా అది ఇంకా సంతృప్తం కాలేదు.

పలుచని పలకకు నిలువుగా క్షేత్రం పెడితే డీమాగ్నెటైజేషన్ (నమూనా సొంత క్షేత్రం బయటి క్షేత్రానికి అడ్డుపడడం) దాదాపు పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. ఫెర్రో అయస్కాంతాల్లో ఆ సవరణ చేయకుండా అనిసోట్రోపీ అంకెలు ఇవ్వకండి. అధిక క్షేత్రం వాడాక అతివాహక అయస్కాంతంలో పదుల ఓర్‌స్టెడ్‌ల క్షేత్రం మిగులుతుంది. క్షేత్రం లేకుండా చల్లార్చాం అనుకుని తీసే రేఖలకు అదే శత్రువు. దిశ మారుస్తూ క్రమంగా సున్నాకు తెచ్చుకోండి.

క్యూరీ–వీస్ అమరిక నుంచి వచ్చిన భ్రామకం తప్పుగా ఉంది. ఏం చేయాలి?

క్యూరీ–వీస్ సూత్రం క్రమ ఉష్ణోగ్రత పైన ససెప్టిబిలిటీ (క్షేత్రానికి అయస్కాంతీకరణ ఎంత స్పందిస్తుందో ఆ విలువ) ఉష్ణోగ్రతతో ఎలా తగ్గుతుందో చెబుతుంది. అక్షానికో రేఖను కాకుండా ససెప్టిబిలిటీ సగటును అమర్చండి: తలంలోని విలువకు రెండు వంతులు, సి-అక్షం విలువకు ఒక వంతు, మొత్తాన్ని మూడుతో భాగించాలి. క్రిస్టల్ ఫీల్డ్ (చుట్టూ ఉన్న పరమాణువుల విద్యుత్ క్షేత్రం) వల్ల ఒక్కో దిక్కున వీస్ ఉష్ణోగ్రత వేరేగా వస్తుంది. సగటులో ఆ ప్రభావం చాలావరకు పోతుంది. అమరికను క్రమ ఉష్ణోగ్రతకు బాగా పైన, వీలైతే 150 కెల్విన్ పైనే చేయండి. రావలసిన విలువలు బోర్ మాగ్నెటాన్లలో: సీరియం 2.54, ప్రసియోడిమియం 3.58, నియోడిమియం 3.62, గాడోలినియం 7.94, యిటర్బియం 4.54. యూరోపియం రెండు ధనావేశాలతో ఉంటే 7.94, మూడుతో ఉంటే భూస్థితిలో భ్రామకమే లేదు. యూరోపియం సమ్మేళనంలో 6 వస్తే రెండు రకాలూ కలిసి ఉన్నాయేమో చూడాలి.

విలువ కొద్దిగా ఎక్కువగా ఉండి, తక్కువ క్షేత్రంలో ఇంకా పెరుగుతుంటే ఫెర్రో అయస్కాంత మలినం ఉంది. ఇనుప పటకారు తాకినా చాలు. 3 టెస్లాల దగ్గరి అయస్కాంతీకరణను 5 టెస్లాల దగ్గరి దాని నుంచి తీసేసి, 2 టెస్లాలతో భాగిస్తే సంతృప్తమైన మలినం రద్దయి అసలు ససెప్టిబిలిటీ మిగులుతుంది.

అనుకోని ఉష్ణోగ్రత దగ్గర మలుపు కనిపిస్తోంది. కొత్త దశా పరివర్తనమా?

కాదేమోనన్న అనుమానంతోనే మొదలుపెట్టండి. 3.7 కెల్విన్ దగ్గర నిరోధకత పడిపోతే, అయస్కాంతీకరణ ఋణమైతే అది తగరం. 3.4 ఇండియం, 7.2 సీసం, 1.2 అల్యూమినియం. ఇవన్నీ అతివాహకాలు. నిరోధకత సున్నాకు చేరినా నమ్మకండి. పలుచని తగరం పొర తీగ నుంచి తీగకు దారి కడితే చాలు, లోపలి స్ఫటికానికి ఏ పాత్రా ఉండదు. కొన్ని వందల ఓర్‌స్టెడ్‌లు పెట్టగానే ఆ పడిపోవడం మాయమైతే ఫ్లక్సే.

యూరోపియం నమూనాల్లో 69 కెల్విన్ దగ్గర ఉబ్బు అంటే యూరోపియం మోనాక్సైడ్. మాంగనీసు నమూనాల్లో 43 దగ్గర అయితే మాంగనీసు ఆక్సైడ్ (3:4). 293 దగ్గర అయితే కలవని గాడోలినియం. సీరియం–ఇండియం బ్యాచ్‌లలో 10 కెల్విన్ దగ్గరి చిన్న విరుపు 1:3 సమ్మేళనానిది. 50 కెల్విన్ చుట్టూ వెడల్పాటి గుట్ట ఉండి, నమూనా గదిని వేడి చేసి పంప్ చేశాక తగ్గితే అది గడ్డకట్టిన ఆక్సిజన్. ఈ జాబితాను పరికరం పక్కనే గోడకు అంటించుకుంటే ఎన్నో వారాలు కలిసొస్తాయి.

ఇవన్నీ దాటాక, అదే బ్యాచ్‌లోని మరో స్ఫటికంలో, ఆపై మరో బ్యాచ్‌లో, అంతే పరిమాణంలో కనిపిస్తే, విశిష్టోష్ణంలోనూ కనిపిస్తే, అప్పుడు నమ్మవచ్చు.

నిరోధకత కొలతలో జాగ్రత్తలు?

నాలుగు తీగలు, 25 మైక్రాన్ల బంగారం లేదా ప్లాటినం, వెండి పేస్ట్ లేదా స్పాట్ వెల్డింగ్. పలకలో విద్యుత్ ప్రవాహపు తీగలు అంచు మొత్తం మందాన్ని తాకేలా పెట్టకపోతే, పొరల పదార్థాల్లో ప్రవాహం పై పొరలోనే పోయి అంకె తారుమారవుతుంది. కొలతల దోషం పది ఇరవై శాతం మామూలే. దానితో సంబంధం లేనిది 300 కెల్విన్ నిరోధానికీ 2 కెల్విన్ నిరోధానికీ ఉన్న నిష్పత్తి. బ్యాచ్‌లను పోల్చడానికి అదే గీటురాయి. ఆమ్లంలో ముంచిన ముక్కనూ, ముంచని ముక్కనూ రెండింటినీ కొలవండి.

విశిష్టోష్ణం తప్పనిసరా?

మొత్తం నమూనాలో మార్పు జరిగిందో, ఓ మూల మలినంలో జరిగిందో చెప్పేది ఇదొక్కటే కాబట్టి తప్పనిసరే. కొన్ని మిల్లీగ్రాముల చదునైన ముక్క చాలు. నమూనాను అతికించే అపీజాన్ ఎన్ గ్రీజు వాటాను విడిగా కొలిచి తీసేయాలి. 215 కెల్విన్ పైన ఆ గ్రీజుకే సొంత మలుపులున్నాయి, అక్కడ కనిపించే వాటిని నమూనాకు అంటగట్టకండి. గది ఉష్ణోగ్రత దగ్గర విలువ పరమాణువుల మోలుకు, కెల్విన్‌కు 24.9 జౌళ్లను సమీపించాలి. చాలా తక్కువగా ఉంటే బరువో, అతుకో తేడా.

అయస్కాంత వాటా కోసం అదే నిర్మాణం గల లాంథనం, ఇట్రియం లేదా లుటీషియం సమ్మేళనాన్ని కొలిచి తీసేయండి. క్రమ ఉష్ణోగ్రత వరకు కూడిన ఎంట్రోపీ గాడోలినియానికి మోలుకు, కెల్విన్‌కు 17.3 జౌళ్ల దగ్గరికి, రెండే స్థితులున్న సీరియానికి 5.76 దగ్గరికి రావాలి. శిఖరం చూడముచ్చటగా ఉండి ఎంట్రోపీ పదో వంతే వస్తే, క్రమం పొందింది ఏదో మలినం కావచ్చు.

యాంటీఫెర్రో క్రమ ఉష్ణోగ్రతను ససెప్టిబిలిటీ శిఖరం దగ్గర చదవడం అలవాటైన పొరపాటు. ససెప్టిబిలిటీని ఉష్ణోగ్రతతో గుణించి, దాని వాలు తీస్తే వచ్చే శిఖరమే విశిష్టోష్ణంతో సరిపోతుంది.

న్యూట్రాన్ ప్రయోగానికి ఈ స్ఫటికాలు పనికొస్తాయా?

వివర్తనానికి పదుల మిల్లీగ్రాములు చాలు. స్పిన్ తరంగాలు చూడాలంటే గ్రాము పైనే కావాలి, అంటే పదుల స్ఫటికాలను లావే చూసుకుంటూ ఒకే దిక్కుకు పక్కపక్కన అతికించడం. గాడోలినియం, యూరోపియం, సమారియం, కాడ్మియం న్యూట్రాన్లను మింగేస్తాయి. సహజ గాడోలినియం శోషణ దాదాపు 49,700 బార్న్‌లు, ఇనుముది 2.6 మాత్రమే. తక్కువ శోషించే ఐసోటోపులు వాడాలి, లేదా పలుచని పలకలతో తక్కువ తరంగదైర్ఘ్యానికి వెళ్లాలి. ఇండియానిదీ 194, కాబట్టి మందం లెక్క ముందే వేసుకోండి.

స్ఫటికాలను ఎలా దాచాలి?

యూరోపియం, లాంథనం, సీరియం ఎక్కువున్నవి గ్లవ్ బాక్స్‌లో. మిగతావి గాలి చొరబడని సీసాలో, సిలికా జెల్‌తో. ఒక్కో గొట్టానికి ఒక నంబరు ఇచ్చి, తూకం, గరిష్ఠ ఉష్ణోగ్రత, వార్చిన ఉష్ణోగ్రత, వార్చిన ఫ్లక్స్ బరువు రాసి పెట్టండి. కొలతకు వెళ్లే ప్రతి ముక్కకూ ఆ నంబరు పక్కన ఉపసంఖ్య ఉండాలి. వేరే గొట్టాల స్ఫటికాలను ఒకే సీసాలో ఎప్పుడూ కలపకండి. వార్చిన ఫ్లక్స్ ముద్దను కూడా అదే నంబరుతో, పరీక్షలు ముగిసేదాకా ఉంచండి. ఏ మూలకం ఎక్కడికి పోయిందో వెతకాల్సి వస్తే మొదట కోసి చూసేది దాన్నే.